మేకు

బ్యాంకులో ఆమె అడిగింది:
ఇప్పుడున్న చిరునామాలో ఎన్నేళ్ళ నుంచి?
వేళ్ళు మడవడం మొదలుపెట్టాను.
ఏడాదికి నాలుగు బసలు, ఇరవై మూడేళ్ళు.
బల్ల కింద ఓయుంగెరెల్ మోకాలితో పొడిచింది.
మూడు, అని రాశాను.

మూడేళ్ళ కిందటి చలికి
మూడొందల పన్నెండు తలల్లో
పదకొండు మిగిలాయి.
గొర్రెలు నిలబడే చచ్చిపోతాయి, తెలుసా,
దగ్గరికెళ్ళి తట్టేదాకా
బతికున్నాయనే అనుకుంటాం.

గెర్ విప్పి, చుట్టి, లారీకెత్తి
ఉలాన్‌బాతర్ ఉత్తరాన కొండవాలులో
దుల్మా అనే ఆవిడ చెక్కకంచె లోపల దించాం.
గుడారం మాదే. దాని కింది మట్టి ఆవిడది.
మట్టికి నెలనెలా అద్దె ఉంటుందని
ఇరవై ఆరేళ్ళొచ్చేదాకా నాకు తెలీదు.
పచ్చిక ఉంటే దిగేవాళ్ళం, అయిపోతే లేచేవాళ్ళం,
చెప్పిపోవడానికి గాలి తప్ప ఎవరుండేవారు గనక.

శనివారాలు కొత్త భవనాలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళం.
బూట్లకు నీలం సంచులు తొడిగి
నమూనా ఇంట్లోకి పంపేవాళ్ళు.
ఓయుంగెరెల్ కోటు జేబులో తాడుముక్క,
గోడగోడకీ పెట్టి కొలిచేది.
ఇన్ని మూలలెందుకు, అంది ఓసారి,
దుమ్ము కాపరానికా?
అమ్మకాల కుర్రాడు నవ్వలేదు,
ధర చెప్పాడు.

తెలిసినవాళ్ళని అడిగాం.
గంజోరిగ్ అద్దెకుంటాడు.
శరత్కాలం రాగానే జిల్లాలనుంచి విద్యార్థులు దిగుతారు,
అద్దె లేస్తుంది, గంజోరిగ్ పెట్టె సర్దుకుంటాడు.
మాకంటే వాడే ఎక్కువ సంచారి.
ఎంఖ్‌తూల్ కొరియా వెళ్ళి
నాలుగేళ్ళు చేపలు కోసి డబ్బాల్లో పేర్చి
రెండు గదులు కొనింది.
తాళం వాళ్ళ వదిన దగ్గరుంది.
ఒక్క రాత్రీ పడుకోలేదందులో.
కొన్నవాళ్ళు ఉండరు, ఉన్నవాళ్ళు కొనరు,
అని దుల్మా పళ్ళు లేని నోటితో అన్నది
పెద్ద సామెతలాగే.

మేం కొన్నాం.
నోమున్ దగ్గు వల్ల కొన్నాం.
కొండ మీద ప్రతి గొట్టమూ బొగ్గు కక్కుతుంటే
మూడేళ్ళ పిల్ల నిద్రలో ముసలిదానిలా దగ్గేది.
మోటార్‌సైకిలూ, వెండి గిన్నే,
ఓయుంగెరెల్ రాత్రుళ్ళు కుట్టిన కోట్ల డబ్బూ.
ముప్ఫై ఎనిమిది చదరపు మీటర్లు, తొమ్మిదో అంతస్తు,
ఇరవై ఏళ్ళ అప్పు.
తాళం చేతికిచ్చిన రోజు
లోపల నేల మీద కూర్చుని
ముగ్గురం ఉప్పు టీ తాగాం.
అరిస్తే మా గొంతే మళ్ళీ వచ్చింది.

రెండో వాయిదాకి లెక్క తేలిపోయింది.
జీతం అప్పుకి సరి. తిండికి?
అద్దెకివ్వబడును, అని
మెట్ల దగ్గర నేనే అతికించాను.

జవ్‌ఖాన్ నుంచి ఒక జంట వచ్చింది.
దష్న్యామ్‌కి ఇరవై మూడుంటాయేమో.
వాళ్ళ మంద పోయింది మొన్నటి చలికి.
ఎన్ని మిగిలాయని నేనడగలేదు.
అతనూ చెప్పలేదు.
చంకలో చంటిది.
పొగ లేని గదిలో
ఇప్పుడు ఆ చంటిది నిద్రపోతుంది.

మూడో తారీకున అతను నాకిస్తాడు.
ఐదో తారీకున నేను దుల్మాకిస్తాను.
మధ్యలో నాలుగో తారీకు ఒకటుంది,
ఆ రోజు నేనెవరినో
బ్యాంకామె కాగితంలో గడి లేదు.

నిన్న దష్న్యామ్ ఫోన్ చేశాడు.
అన్నా, గోడకో మేకు కొట్టుకోవచ్చా?
ఏం తగిలిస్తావ్?
కళ్ళెం, అన్నాడు. గుర్రం లేదనుకో.

కాసేపు మాట రాలేదు నాకు.
మా గుడారంలో ఒక్క మేకు లేదు.
కొయ్యకీ కొయ్యకీ మధ్య తాళ్ళే.
ఏది బిగించినా
విప్పుకునేలాగే బిగిస్తాం.
కొట్టుకో, అన్నాను.

రాత్రి పొయ్యి ఆరిపోతుంటే
ఏ గోడకి కొట్టాడు, అని అడిగింది ఓయుంగెరెల్.
అడగడం మరిచిపోయాను.
పడుకుని, పైన గుండ్రటి కంతలోంచి
పొగలో నాలుగైదు చుక్కలు కనిపిస్తుంటే
ఇద్దరం ఆ ఇంట్లోకి వెళ్ళాం.
చీకట్లో చేతులతో గోడలు తడుముతూ
ఒక్కో గదీ వెతుకుతున్నాం,
మేకు కోసం.